మౌనం అర్ధాంగీకారమేనా?

పురపాలక సమావేశానికి ఓ అలవాటైన నడక ఉంటుంది. ముందు జీరో అవర్. వెలగని వీధి దీపం, మూడు రోజులుగా రాని కుళాయి, పూడిక తీయని గెడ్డ, పిల్లల వెంట పడుతున్న కుక్కలు... ఒక్కొక్కరే లేచి గొంతు పెంచుతారు. అవతలి పక్షం బల్లలు చరుస్తుంది. పోడియం ముందు కాసేపు బైఠాయింపు, ఆపైన ఒక వాకౌట్. ఈ హడావిడి అంతా అయ్యాక అసలు ఎజెండా మొదలవుతుంది. టెండర్ల ఖరారు, లీజుల పొడిగింపు, అంచనాల సవరణ అంటూ అంశాల నంబర్లు వరసగా చదువుతూ పోతారు. అంతసేపు హోరెత్తిన హాల్లో ఇప్పుడు చప్పుడుండదు. ప్రతి నంబరు పక్కనా ‘ఆమోదించడమైనది’ అన్న ఒక్క మాట మినిట్స్ బుక్కులో పడిపోతుంది.

ఆ నిశ్శబ్దానికి అర్థమేమిటి? సభ్యులు ఒప్పుకున్నారనా, కాగితం చదవలేదనా, భోజనాల వేళయిందనా? మౌనం అర్ధాంగీకారమని మన సామెత తేల్చేసింది. కానీ తెలుగువాళ్లకు బాగా దగ్గరైన రెండు పాత సంప్రదాయాలు ఈ విషయంలో ఒక మాట మీద లేవు. సభలో నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే అంటుంది ఒకటి. నోరు మెదపకపోవడమే పాపం అంటుంది రెండోది. మొదటి సంప్రదాయం పాటించినవాళ్లు అనకాపల్లి పక్కనే, ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, కొన్ని వందల ఏళ్లు కాపురమున్నారు.

సంకరం గ్రామం దగ్గరి బొజ్జన్నకొండ సంగతే ఇది. దాని పక్కనే లింగాలకొండ. కొండరాతినే తొలిచి వరసలు వరసలుగా నిలబెట్టిన స్తూపాలు దూరానికి శివలింగాల్లా కనిపిస్తాయి. 1906 తర్వాత అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించినప్పుడు ఇటుక కట్టడాలు, విహారపు గదులతో పాటు సముద్రగుప్తుడి కాలపు బంగారు నాణెం కూడా బయటపడింది. క్రీ.శ. 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా బౌద్ధం ఇక్కడ బతికిందని పురావస్తు శాఖ అంచనా. తరువాత ఊరు మరిచిపోయింది. ఎంతగా మరిచిపోయిందంటే, కనుమ రోజున చుట్టుపక్కల జనం కొండకు వచ్చి, అక్కడి బొజ్జలాంటి రాతి ఆకారాన్ని రాక్షసుడిదనుకుని రాళ్లు రువ్వడం ఆచారమైపోయింది. వారసత్వ సంస్థలు, బౌద్ధ సంఘాలు చాలా ఏళ్లు నచ్చచెప్పాల్సి వచ్చింది.

భిక్షువు అనగానే కళ్లు మూసుకుని కూచున్న మనిషే మనసులో మెదులుతాడు. నిజానికి బౌద్ధ సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకం తిరగేస్తే భిక్షువుల జీవితంలో ధ్యానంతో పాటు మీటింగులూ తక్కువేమీ కాదనిపిస్తుంది. పక్షానికోసారి నియమాలు వల్లించుకునే ఉపోసథం, వానాకాలం చివర తమ తప్పులు చెప్పమని ఒకరినొకరు అడిగే పవారణ, మధ్యలో కొత్తవాళ్లకు దీక్ష, విహారానికి స్థలం, చీవరాల పంపకం, వంట సరుకుల కొట్టుకు బాధ్యుడి నియామకం. ప్రతిదానికీ సంఘం కూడాలి, తీర్మానం చెయ్యాలి. మరుగుదొడ్డి కూడా వాళ్లకు చర్చనీయాంశమే. పెద్దలు ముందు వెళ్లాలన్న మర్యాద కోసం చిన్న భిక్షువులు ఆపుకుని నిలబడి స్పృహ తప్పితే, అక్కడ మాత్రం దీక్షా వయసు చెల్లదనీ, ఎవరు ముందు వస్తే వాళ్లే ముందనీ నియమం వచ్చింది. నీళ్లకుండ ఖాళీగా కనిపిస్తే నింపి రావాలన్నది మరో నియమం. పారిశుద్ధ్యం ధర్మానికి తక్కువరకం వ్యవహారమని ఆ గ్రంథం ఎక్కడా అనుకోలేదు. వీధి కుక్కల మీద గంటసేపు మాట్లాడిన కార్పొరేటరును చూసి నవ్వేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. ఆయన మాట్లాడినదే అసలు ఎజెండా కావచ్చు.

సంఘంలో తీర్మానం ఎలా జరిగేదన్నది ఇక్కడ కీలకం. సమర్థుడైన భిక్షువు ఒకరు లేచి విషయం ప్రకటిస్తాడు. దాన్ని ఞత్తి అంటారు. ఆ తరువాత, ఒప్పుకున్నవాళ్లు మౌనంగా ఉండండి, ఒప్పుకోనివాళ్లు మాట్లాడండి అని అడుగుతాడు. చిన్న విషయాలకు ఒకసారి అడిగితే చాలు. దీక్ష లాంటి పెద్ద విషయాలకు మూడుసార్లు అడగాలి. మూడోసారి కూడా ఎవరూ మాట్లాడకపోతే సంఘం ఒప్పుకుందని, అందుకే మౌనంగా ఉందని ప్రకటించి ముగిస్తాడు. మౌనమే ఓటు.

అయితే ఆ మౌనం ఊరికే చెల్లదు. విషయం సభ ముందు స్పష్టంగా పెట్టి ఉండాలి. అడిగే మాట తగ్గకూడదు, వరస తప్పకూడదు. కనీసం నలుగురు లేనిదే అది సంఘమే కాదు. పవారణకు అయిదుగురు, మధ్యదేశంలో దీక్ష ఇవ్వాలంటే పదిమంది, ఘోరమైన తప్పు చేసినవాణ్ణి తిరిగి చేర్చుకోవాలంటే ఇరవైమంది కావాలి. అన్నిటికన్నా కఠినమైనది సీమ నియమం. సంఘం ముందే హద్దులు నిర్ణయించుకోవాలి. ఆ హద్దుల్లో ఉన్న ప్రతి భిక్షువూ హాజరు కావాలి, రాలేనివాడు తన సమ్మతిని మరొకరి చేత పంపాలి. ఒక్కడు మిగిలిపోయినా ఆ సంఘం ముక్కలైనట్టే, చేసిన తీర్మానం చెల్లనట్టే.

అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో ఈ విషయమే ఎత్తారు. పార్లమెంటరీ పద్ధతి ఈ దేశానికి కొత్త కాదనీ, కూర్చునే వరస, ప్రతిపాదన, కోరం, విప్, ఓట్ల లెక్కింపు, రహస్య బ్యాలెట్టు, అభిశంసన అన్నీ భిక్షు సంఘాలకు తెలుసనీ గుర్తు చేశారు. వివాదం మౌనంతో తెగనప్పుడు ఓటుకు వాడే పుల్లను శలాక అనేవారు. పుల్లల పంపిణీకి నమ్మకమైన భిక్షువును సంఘమే ఎన్నుకునేది.

ఇంత చెప్పి ఇంకొకటి చెప్పకుండా వదిలేస్తే బొమ్మకు ఒక వైపే రంగేసినట్టు అవుతుంది. రహస్య ఓటింగులో ధర్మానికి విరుద్ధమైన పక్షానికి పుల్లలు ఎక్కువ వచ్చాయనుకోండి, సరిగా పంచలేదని చెప్పి ఆ ఓటింగును కొట్టేసే వీలు పుల్లలు పంచేవాడికి వినయపిటకమే ఇస్తుంది. ఏది ధర్మమో ముందే తెలుసునన్న నమ్మకం మీద నిలబడ్డ సభ అది. లెక్క తేలక ముందే సమావేశాన్ని వాయిదా వేసే అధ్యక్షులు మన కాలంలోనూ ఉన్నారు గానీ, వాళ్లకు వినయపిటకం అండ లేదు.

ఇక రెండో సంప్రదాయం. అది కొండమీద పుట్టలేదు, కురుసభలో పుట్టింది. నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలోని జూదం కథ తెలియని తెలుగువాళ్లు ఉండరు. తనను తాను ఓడిపోయినవాడికి భార్యను ఒడ్డే హక్కు ఉంటుందా అని ద్రౌపది అడిగింది చట్టపరమైన ప్రశ్న. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే, తీర్మానం చెల్లుబాటు గురించిన అభ్యంతరం. ధర్మం సూక్ష్మమైనదని భీష్ముడు తప్పుకున్నాడు. ద్రోణుడు, కృపుడు పెదవి విప్పలేదు. కౌరవుల్లో చిన్నవాడైన వికర్ణుడు లేచి ఆమె చెప్పిందే న్యాయమంటే, నువ్వు కుర్రాడివి కూర్చోమని కర్ణుడు గద్దించాడు. మొదటిసారి కౌన్సిల్‌కు వచ్చిన సభ్యులందరికీ ఈ ఘట్టం అనుభవంలోనిదే.

అప్పుడు విదురుడు ప్రహ్లాదుడి కథ ఒకటి ఎత్తుకుంటాడు. తెలిసి కూడా జవాబు చెప్పనివాడి గతి ఏమిటని ప్రహ్లాదుడు అడిగితే కశ్యపుడు పాపానికి వాటాలు వేసి చెప్పాడట. నిందించాల్సినదాన్ని నిందించని సభలో సగం పాపం సభకు పెద్ద అయినవాడికి. నాలుగో వంతు చేసినవాడికి. మిగిలిన నాలుగో వంతు, చూస్తూ ఊరుకున్న సభ్యులకు. సభ నోరు తెరిచి నిందిస్తే పెద్దకూ సభ్యులకూ పాపం అంటదు, మొత్తం చేసినవాడి నెత్తినే పడుతుంది. మనుస్మృతి కూడా ఇలాంటి లెక్కే వేసింది గానీ నాలుగు సమాన భాగాలు చేసి, సాక్షికీ ఒకటి ఇచ్చింది. కశ్యపుడి లెక్కే న్యాయంగా తోస్తుంది. ఎజెండా ఎవరి చేతిలో ఉందో, మాట్లాడే అవకాశం ఎవరు ఇస్తారో వాళ్లకే పెద్ద వాటా పడాలి. నాసిరకం కాంక్రీటు వేసిన కాంట్రాక్టరుకు పావు వంతూ, బిల్లు మంజూరును అధ్యక్ష స్థానం నుంచి చదివించినవాళ్లకు సగమూ అంటే చాలామంది మేయర్లు ఉలిక్కిపడతారు.

పైకి చూస్తే ఈ రెండూ కొట్టుకుంటున్నట్టే ఉంటాయి. ఒక చోట మౌనం ఓటు, ఇంకో చోట మౌనం నేరం. కొంచెం నిదానించి చూస్తే రెండూ అడుగుతున్నది ఒక్కటే: ఆ మౌనంగా ఉన్నవాడికి విషయం తెలుసా, అతణ్ణి అడిగారా? సంఘం తన సభ్యుడికి విషయం చెప్పి, మూడుసార్లు అడిగి, అప్పుడు అతని మౌనాన్ని తీసుకుంది. కురుసభలో భీష్ముడికి విషయం తెలుసు, ద్రౌపది అడిగింది కూడా. కాబట్టి ఆయన మౌనానికి సాకు లేదు. ఉదయం హాల్లో అడుగు పెట్టాక చేతికిచ్చే టేబుల్ ఎజెండాను చూసి మౌనంగా ఉన్న కౌన్సిలర్ ఈ రెంటిలో ఎక్కడా ఇమడడు. అతను ఒప్పుకోనూ లేదు, తప్పించుకోనూ లేదు. అతని పేరు మీద మరెవరో ఒప్పుకున్నారు. అలాంటి మౌనాన్ని ఏకగ్రీవం కింద రాసుకోవడం కన్నా, అంశాన్ని తరువాతి సమావేశానికి పంపడమే ధర్మం. మాట్లాడదలచినవాడికి అసమ్మతిని రాతపూర్వకంగా నమోదు చేయించే దారి ఎలాగూ ఉంది. ఆ దారి ఎందరు తొక్కుతారంటే, వికర్ణుడు ఒక్కడే ఉన్నాడని గుర్తు తెచ్చుకోవాలి.

అనకాపల్లి కథ ఇంతకన్నా చిత్రమైనది. అక్కడ చాలాకాలం మౌనంగా ఉండటానికైనా సభ లేదు.

శారదా నది ఒడ్డున, బెల్లం వ్యాపారం మీద పెరిగిన ఊరు ఇది. ఇక్కడి బెల్లం మార్కెట్ పేరు దేశమంతా తెలుసు. కొత్త అమావాస్యకు గవరపాలెం నూకాంబిక అమ్మవారి జాతర మొదలైతే నెల రోజులు జనం వరద. అమ్మవారి సంగతి అమ్మవారు చూసుకుంటుంది గానీ, వచ్చే జనానికి నీళ్లు, నీడ, చెత్త ఎత్తివేత మాత్రం మనుషులే చూడాలి. మున్సిపాలిటీ 1870ల చివర్లోనే ఏర్పడింది. అంటే స్థానిక స్వపరిపాలన మీద లార్డ్ రిప్పన్ 1882 మే 18న తీర్మానం వెలువరించే నాటికే ఇక్కడ పురపాలక సంఘం ఉంది. రిప్పన్ ఆ తీర్మానంలో ఒక అరుదైన మాట ఒప్పుకున్నాడు. ఈ సంస్థల వల్ల పాలన వెంటనే మెరుగుపడుతుందని కాదు, జనానికి రాజకీయ శిక్షణ దొరుకుతుందని వీటిని కోరుతున్నామన్నాడు. తప్పులు చేస్తూ నేర్చుకోనివ్వాలన్నది దాని సారం.

ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఎన్నికైన మున్సిపల్ కౌన్సిళ్ల గడువు 2010లో తీరింది. మళ్లీ ఎన్నికలు జరిగేసరికి 2014 వచ్చింది. అప్పటికి అనకాపల్లి ఆ జాబితాలోనే లేదు. 2013 జులైలో భీమునిపట్నంతో పాటు దాన్ని మహా విశాఖ నగర పాలక సంస్థలో కలిపేశారు. విలీనం, వార్డుల విభజన, కోర్టు కేసులు అన్నీ కలిసి విశాఖ ఎన్నికలను కూడా 2021 మార్చి దాకా లాక్కొచ్చాయి. అలా 2011 లెక్కల్లో సుమారు 86 వేల జనాభా ఉన్న ఊరికి దాదాపు పదిన్నరేళ్లు తమ వీధి గురించి సభలో అడిగే మనిషి లేడు. పాలక మండలి గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం 1993 నుంచీ చెబుతూనే ఉంది.

ఆ ఏళ్లలో ఊరు నడిచింది స్పెషలాఫీసర్ పాలనలో. అంటే కౌన్సిల్ చెయ్యాల్సిన తీర్మానాలు ఒక అధికారి చేస్తాడు. అధికారులు మంచివాళ్లు కావచ్చు, కొందరు ఎన్నికైనవాళ్లకన్నా బాగా పనిచేసి ఉండవచ్చు. ప్రశ్న అది కాదు. ఒక్క భిక్షువు సంఘం కాడు. ఎంత జ్ఞాని అయినా, చివరికి నిర్వాణం సాధించిన అర్హంతుడైనా, తనను తాను మూడుసార్లు అడిగి తన మౌనాన్ని సమ్మతిగా ప్రకటించుకోలేడు. నలుగురు కావాలన్న నియమం ఒక్కడికి తెలివి చాలదని పెట్టింది కాదు. అడగడానికి ఒకరు, కాదనడానికి ఒకరు లేనిచోట తీర్మానమన్నదే పుట్టదని పెట్టింది. కశ్యపుడి లెక్కకైతే ఇక్కడ అసలే దారి లేదు. సభాధ్యక్షుడు, సభ్యుడు, పని చేయించినవాడు ఒక్కరే అయినప్పుడు వాటాలన్నీ ఒకే ఖాతాలో వెయ్యాలా, లేక సభను కూడనివ్వని పైవాళ్లకు పంపాలా? రెండోదే సబబు. ద్రౌపది ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం ఒక తప్పు. ఆమె అడగడానికి సభే లేకుండా చెయ్యడం అంతకన్నా పెద్దది.

2021లో సభ మళ్లీ వచ్చింది. వచ్చింది గానీ విశాఖలో. 98 వార్డుల్లో అనకాపల్లి పట్టణానివి చేతి వేళ్లతో లెక్కపెట్టగలిగినన్ని. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రం కూడా అయింది. దాంతో కలెక్టరు ఊళ్లోనే ఉన్నాడు, కౌన్సిల్ మాత్రం పక్క జిల్లాలో ఉంది. ఇదే జిల్లాలో నర్సీపట్నానికీ ఎలమంచిలికీ సొంత మున్సిపాలిటీలున్నాయి, జిల్లా కేంద్రానికి లేదు.

వినయపిటకానికి ఈ చిక్కు కూడా తెలుసు. కొందరు భిక్షువులు నాలుగు, అయిదు, ఆరు యోజనాల పెద్ద పెద్ద సీమలు ఏర్పాటు చేసుకున్నారట. దూరం నుంచి వచ్చేవాళ్లు ఉపోసథం జరుగుతుండగానో, ముగిశాకో చేరుకునేవారు. కొందరు దారిలోనే రాత్రి గడిపేవారు. అప్పుడు బుద్ధుడు సీమ మూడు యోజనాలకు మించరాదన్నాడు. నదికి అవతలి గట్టును కలుపుకోవాలంటే నిత్యం నడిచే పడవో వంతెనో ఉండి తీరాలన్నాడు. యోజనం కొలత మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు గానీ, ఎక్కువమంది పన్నెండు, పదమూడు కిలోమీటర్ల చుట్టూ తిరుగుతారు. ఆ లెక్కన అనకాపల్లి నుంచి విశాఖ మూడు యోజనాల లోపే, దాదాపు అంచుమీద ఉంది. అనకాపల్లి నుంచి భీమిలి దాకా సంస్థ మొత్తాన్ని కొలిస్తే హద్దు దాటిపోతుంది. జాతీయ రహదారి, రైలు ఉన్న కాలంలో యోజనాలు లెక్కపెట్టడం వెటకారంగా అనిపించవచ్చు. కానీ ఆ నియమం దూరం కోసం పుట్టలేదు, సభకు అందుకోలేని మనిషి కోసం పుట్టింది. గవరపాలెంలో కాలవ పొంగిన ఇంటి ఆవిడకు బస్సు ఎక్కి వెళ్లి కౌన్సిల్ గ్యాలరీలో కూర్చోవడం కుదిరే పని కాదు.

విలీనం వల్ల ఒరిగిందేమీ లేదనడం అన్యాయం. పెద్ద సంస్థకు నిధులు, ఇంజినీర్లు, యంత్రాలు, అప్పు పుట్టే స్తోమత ఉంటాయి. చిన్న మున్సిపాలిటీ జీతాలు ఇవ్వడానికే కిందామీదా పడుతుంది. సమర్థతే కొలబద్ద అయితే వాదన విలీనం పక్షానే మొగ్గవచ్చు. అయితే రిప్పన్ కోరింది సమర్థత కాదు, వినయపిటకం కోరిందీ కాదు. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెప్పడం వెనుక ఉన్నది కూడా ఈ బెంగే. సీమ పెరిగితే లోపల చిన్న సభలు కావాలి. వాటిని కాగితం మీద కాక వీధిలో నడిపించే శ్రద్ధ తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వానికీ పెద్దగా ఉన్న దాఖలాలు లేవు.

ఉపోసథం నాడు జబ్బుపడి రాలేని భిక్షువు గురించి వినయపిటకంలో ఒక వరస ఉంది. అతను తన సమ్మతిని మరొకరితో పంపవచ్చు. పంపలేకపోతే మంచంతో సహా మోసుకురావాలి. కదిలిస్తే ప్రాణానికి ముప్పని సేవచేసేవాళ్లు అనుకుంటే, సంఘమంతా లేచి అతని దగ్గరికి వెళ్లి అక్కడే సభ జరుపుకోవాలి. అతన్ని వదిలేసి మిగతావాళ్లు కానిచ్చేయడం మాత్రం కుదరదు.

మహా విశాఖ కౌన్సిల్ ఏడాదికి ఒకటి రెండుసార్లు అనకాపల్లికి వచ్చి, ఊరివాళ్లు చూస్తుండగా, అనకాపల్లి అంశాలను ముందే ఊళ్లో ప్రకటించి సమావేశం జరిపితే ఈ నియమాన్ని పాటించినట్టే. ఎన్నికల దాకా ఆగక్కర్లేదు, విలీనాన్ని రద్దు చెయ్యక్కర్లేదు. ఖర్చంటారా, కార్పొరేటర్లను తరలించడానికి రెండు మూడు బస్సులు చాలు. 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం వచ్చినప్పుడు అటువాళ్లూ ఇటువాళ్లూ కూడా తమ సభ్యులను క్యాంపుల పేరుతో రాష్ట్రం దాటించి, విదేశాల దాకా తిప్పి తీసుకొచ్చారు. అనకాపల్లి అంతకన్నా చాలా దగ్గర.